చెవి మడవని పుట

బైండరుకు లోకంలో చాలామంది మీద కోపం ఉంది. వాళ్ళందరినీ తక్కెడలో ఒక వైపు వేసి, రెండో వైపు గోరువెచ్చను ఒక్కణ్ణి కూర్చోబెడితే, గోరువెచ్చ ఉన్న వైపే నేలకు ఆనుతుంది. గోరువెచ్చ అంటే అతని పెదనాన్న కొడుకు, వరసకు అన్న. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా అతికింది. ఆ మనిషికి కోపం రాదు, ప్రేమ పొంగదు. చావింటికి వెళ్ళినా పెళ్ళింటికి వెళ్ళినా ఒకే ముఖం, ఒకే గొంతు. "అలాగే చూద్దాంలే" అనే ఒక్క మాటతో అరవై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. అలాంటివాడు వంశవృక్షం గీయించి అందులో ఒక కొమ్మ నరికేశాడు. ఆ కొమ్మ మీదే బైండరు కూర్చుని ఉన్నాడు.

సంగతి ఇది. తెల్లదొరల పాలనలో భూములు కొలిచే దళం ఒకటి ఉండేది. అందులో ముప్పై ఏళ్ళపాటు ఇనుప గొలుసు పట్టి లాగిన మనిషి వీళ్ళిద్దరికీ ముత్తాత. ఇంట్లో అందరూ గొలుసు తాత అనేవాళ్ళు. ఊళ్ళన్నిటికీ హద్దులు పెట్టినవాడికి కాలు మోపడానికి జానెడు సొంత నేల లేదని తెలిసి, ఏ దొర మనసు కరిగిందో, ఏటి పక్కన ఒక చెక్క రాసిచ్చారు. దొరలు దేన్నీ పూర్తిగా ఇవ్వరు కాబట్టి షరతు పెట్టారు. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అతని సొంత సంతానం మాత్రం తరతరాలుగా దున్నుకు తినవచ్చు.

గొలుసు తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇంటిపట్టున ఉన్న భార్యకు పుట్టాడు. గోరువెచ్చ అతని మనవడు. రెండోవాడు దళంతో పాటు తిరుగుతూ వంట చేసిపెట్టే రెండో భార్యకు డేరాలో పుట్టాడు. బైండరు అతని మనవడు. ఆ అన్నదమ్ములు నేలను చెరి సగం దున్నారు. వాళ్ళ కొడుకులూ అంతే. మధ్యలో గట్టు తప్ప కాగితం లేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడిగారు. ఏటికి ఆనకట్ట వేస్తున్నారు, నేల మునిగిపోతుంది. గొలుసు తాత వారసులకు మరోచోట అంతకు అంత నేల ఇస్తారు, ఈసారి ఏ షరతూ లేకుండా. వారసులమని పుట్టుక రికార్డు చూపి రుజువు చేసుకోవాలి. ఈ కబురు గాలిలో ఉండగానే గోరువెచ్చ వెళ్ళి వంశవృక్షం దాఖలు చేసి వచ్చాడు. గొలుసు తాత కింద ఒకే గీత, ఒకే కొడుకు. రెండో కొడుకు ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

బైండరు అన్న గుమ్మంలోకి వెళ్ళి నిలదీశాడు.

"ఏం అన్నయ్యా, మా తాత ఆకాశంలోంచి ఊడిపడ్డాడా?"

"నేనెక్కడ లేడన్నాను తమ్ముడూ? ఉన్నాడు. మా ముత్తాత చేరదీసి పెంచాడు. మహానుభావుడు. పుట్టుక పుస్తకంలో తండ్రి పేరు లేదు మరి, నేనేం చేసేది? కూర్చో, మంచినీళ్ళు తాగు."

"ఎనభై ఏళ్ళు గట్టుకు ఆ పక్కన మేం దున్నుతుంటే మీకు కనబడలేదా?"

"కనబడింది. పాపం, దున్నుకోనీలే అనుకున్నాం. నువ్వు పనిచేసేది ఆ ఆఫీసులోనే కదా. వెతికి తెచ్చుకో. ఉంటే నాకేం అభ్యంతరం? అలాగే చూద్దాంలే."

మంచినీళ్ళు తాగకుండానే బైండరు వచ్చేశాడు. దారి పొడుగునా పాత లెక్కలు తవ్వుకున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఒక ఏడు పంట పోతే, ఇద్దరిలో ఒక్కడికే పుస్తకాలు కొనగలమని పెద్దలు తేల్చారు. పెద్దవాడు కదా అని గోరువెచ్చ చదివి సహకార సంఘంలో కుర్చీ ఎక్కాడు. ఇతను ఏడో తరగతి మధ్యలో లేచి వచ్చి జిగురు గిన్నె ముందు కూర్చున్నాడు. పుస్తకాలు చదవనివ్వని వాళ్ళు జీవితమంతా పుస్తకాలు కుట్టమన్నారు. అతనికి అది మింగుడుపడని ముద్దలా గొంతులోనే ఉండిపోయింది.

అయితే ఆ రోజు ఆ కోపం కింద కొంచెం ధీమా కూడా ఉంది. గోరువెచ్చకు తెలియనిది తనకు తెలుసు. తండ్రి వందసార్లు చెప్పాడు. డేరాలో బిడ్డ పుట్టినప్పుడు గొలుసు తాత ఎక్కడో కొండల అవతల కొలతల్లో ఉన్నాడు. తల్లి వెళ్ళి పుట్టుక రాయించబోతే, ఆడమనిషి చెబితే తండ్రి పేరు రాయనని గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఎనిమిది నెలల తరువాత గొలుసు తాత తిరిగొచ్చి, బిడ్డను భుజాన వేసుకుని ఆఫీసుకు నడిచాడు. వీడు నా కొడుకే అని చెప్పి, అదే పుట అంచున రాయించి, వేలిముద్ర వేశాడు. ఆలస్యంగా వచ్చిన మాటల్ని అప్పట్లో అంచునే రాసేవారు.

ఆ పుస్తకం తను ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న రికార్డు ఆఫీసులోనే, మెట్ల కింద గదిలో, నాలుగో బీరువాలో ఉంది.

మంగళవారం ఉదయం రికార్డులు చూసే బల్ల దగ్గర ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది కీపరమ్మ. ఆ గదికీ, తాళాలకూ ఆవిడే అధికారి. బైండరు కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. ఎవరినీ గద్దించదు, ఎవరి మాటా వినదు.

"మేస్త్రీగారూ, ఇవాళ మీరు బైండరు కాదు, కక్షిదారు. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. పుటలు నేనే తిప్పుతాను."

బైండరు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి అక్కడ ఉండలేకపోతున్నాయి. గోరువెచ్చ కళ్ళజోడు తుడుచుకుని, బల్ల మీదికి వంగాడు.

బిడ్డ పుట్టింది ఏడాది మొదటి వారంలో. అందుకని ఎక్కువ తిప్పే పని లేకపోయింది. నాలుగో కాగితం. తల్లి పేరు ఉంది, పుట్టిన చోటు డేరా అని ఉంది. తండ్రి పేరు రాయాల్సిన గడి ఖాళీ. అందులో చిన్న చుక్క గుర్తు, అంచున చూడమని.

కీపరమ్మ వేలు అంచు దాకా వెళ్ళి ఆగింది. అక్కడ పైనుంచి కిందికి ఏడు వరుసలున్నాయి. ఒక్కో వరుసకూ ఒకటో రెండో అక్షరాలు మిగిలాయి. తక్కినదంతా తెగిపోయింది. అడుగున వేలిముద్ర, నిలువునా కోసినట్టు సగమే. కాగితం అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది.

బైండరు మెడ చాచి చూశాడు. అది ఎలుక కొరుకుడు కాదు, చెదపురుగు తిన్నదీ కాదు. అది కత్తి. అంత తిన్నగా కోసే చెయ్యి ఈ ఆఫీసులో ఒక్కటే ఉంది.

"అయ్యో," అన్నాడు గోరువెచ్చ, ఎండలో ఆరేసిన బట్ట తడిసిందన్నంత మాత్రంగా. "సగం వేలు ఎటో పోయిందే."

కీపరమ్మ చివరి అట్ట తిప్పింది. లోపల మూలన పెన్సిలుతో చిన్న కత్తి బొమ్మ, దాని కింద తేదీ. ఇరవై రెండేళ్ళ కిందటిది. సంతకం బదులు ఆ కత్తి బొమ్మ వేసుకోవడం బైండరుకు మొదటి నుంచీ అలవాటు.

"ఇది మీదేనా మేస్త్రీగారూ?"

"నాదేనమ్మా."

పాత పుస్తకానికి కొత్త అట్ట వేసేటప్పుడు చివికిన అంచుల్ని మూడు వైపులా కోసేస్తారు, చూపుకు చక్కగా ఉండాలని. కొయ్యబోయే ముందు ప్రతి పుటా చూడాలి. అంచున రాత ఉంటే ఆ ముక్కను లోపలికి మడిచిపెడితే కత్తి దాని పక్కనుంచి పోతుంది. దీన్ని చెవి మడవడం అంటారు. బైండరుకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ, చెవి మడవనివాడు చెవులు కోసుకోవాలి అనేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట పైనుంచి తనిఖీ వస్తోందని అప్పటి ఆఫీసరు పది రోజుల్లో ముప్పై పుస్తకాలు కట్టమన్నాడు. అప్పుడు చెవి ఎవడు చూస్తాడు? ఆ ఆఫీసరు పింఛను తీసుకుంటూ ఎక్కడో హాయిగా ఉన్నాడు. తెగింది మాత్రం ఇతని తాత.

"ఇంకో ప్రతి ఉంటుంది కదమ్మా," అన్నాడు బైండరు. "పెద్దాఫీసుకు ఒకటి పంపేవారు."

"పంపేవారు. ఆ ఏటిది అక్కడ చెదలు తినేశాయి. నిరుడే లెక్కలోంచి కొట్టేశారు." ఆవిడ పుస్తకం మూసింది. "శుక్రవారం విచారణ. ఈలోపు మీకు ఏం గుర్తొచ్చినా ముందు నాతో చెప్పండి. దేని మీదా మీ చెయ్యి పడకూడదు. అర్థమైందా?"

"అర్థమైందమ్మా."

గోరువెచ్చ లేచి, వెళుతూ వెళుతూ తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎంత నీటుగా కోశావురా. ఒక్క పోగు లేవలేదు."

ఇంటికి వచ్చి బైండరు అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. భార్య అంతా విన్నది. విన్నాక కూడా ఆవిడ చెయ్యి గిన్నెలు సర్దుతూనే ఉంది.

"ఈ చేతులు నరికేసుకోవాలనిపిస్తోంది," అన్నాడు.

"నరుక్కుంటే అన్నం నేను తినిపించాలి. ఉండనివ్వండి."

"నీకు ఎగతాళిగా ఉంది. నేల పోతే రేపు తినేదేంటి?"

"అదే ఆలోచిస్తున్నా. మీలాగా అరవడం లేదంతే." ఆవిడ మూత పెట్టి, ఎదురుగా కూర్చుంది. "కోసిన ముక్కలు ఏం చేస్తారు మీరు?"

"ఏం చేస్తాం? పారేస్తాం."

"మా అన్న బట్టలు కుట్టేవాడు. పేలికలన్నీ దిండ్లలో కుక్కేవాడు. పారేస్తే ఊరుకునేవాడు కాదు. మీరు గుడ్డ పేలిక కూడా పారెయ్యరు. కాగితం పారేశారంటే నేను నమ్మను."

బైండరు ముద్ద అలాగే పట్టుకుని ఆవిడ వైపు చూశాడు.

పారెయ్యలేదు. పాత పుస్తకాల కాగితం గట్టిది, నారలాంటిది. ఆ రోజుల్లో పైనున్న అయిదారు పట్టీలు తీసి, తరువాత కట్టే పుస్తకం వెన్నులో అంటించేవాడు. బట్ట కిందా, కుట్ల మీదా జిగురు రాసి పొరలు పొరలుగా. దాంతో వెన్ను రాయిలా నిలబడేది. ఆ పుటేమో నాలుగోది. కోసిన కట్టలో పైనుంచి నాలుగో పట్టీ. అది తప్పకుండా ఏదో ఒక వెన్నులోకి వెళ్ళి ఉంటుంది.

"కీపరమ్మకు చెప్పండి," అంది భార్య, అతను చెప్పింది విన్నాక.

"చెబితే ఆవిడ పైకి రాస్తుంది. పైవాళ్ళు ఇంకా పైకి రాస్తారు. జవాబు వచ్చేసరికి నేల మీద నాచు పడుతుంది. ఈలోపు గోరువెచ్చకు తెలుస్తుంది. ఇంకేమన్నా ఉందా?"

"ఆవిడ మంచిదే కదండీ."

"మంచివాళ్ళే కదా కొంప ముంచేది. చెడ్డవాళ్ళకు అంత తీరిక ఉండదు."

బుధవారం అతను తన పాత పని పుస్తకం వెతికి తీశాడు. ఆ పుట్టుక పుస్తకం తరువాత అదే రోజు వరసగా కట్టినవి మూడు. రెండు చావుల రిజిస్టర్లు, ఒక బందెలదొడ్డి రిజిస్టరు. కక్షిదారు ముట్టకూడనిది పుట్టుక పుస్తకాన్ని. వీటి మాట ఎవరూ ఎత్తలేదు. అలా తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. కీపరమ్మ అన్న 'దేని మీదా' అనే మాట చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది. చెయ్యి ఆడించి తోలేశాడు.

మధ్యాహ్నం గంట సేపు గది ఖాళీగా ఉంటుంది. బైండింగు పనికని చిట్టీ రాసి పెట్టి, మొదటి చావుల రిజిస్టరు తెచ్చుకున్నాడు. వెన్ను మీద బట్టను తడిపి, సన్నని కత్తి మొన దూర్చి, తొక్క ఒలిచినట్టు ఒలిచాడు. లోపల పట్టీలున్నాయి. అవి వేరే పుస్తకానివి, అచ్చు గీతలున్నవి. గబగబా మళ్ళీ అంటించి, బరువు పెట్టాడు. రెండో రిజిస్టరు వెన్నులో ఏమీ రాయని తెల్ల పట్టీలున్నాయి. చెమట జిగురు గిన్నెలో పడుతోంది. ఆ రోజుకు గంట అయిపోయింది.

గురువారం బందెలదొడ్డి రిజిస్టరు తెచ్చాడు. ఎవరి చేలో పడిన ఎవరి గొడ్డును పట్టి కట్టేశారో, ఎంత జరిమానా వేశారో రాసిన పుస్తకం. తను కట్టాక దాన్ని ఎవరూ తెరిచి ఉండరు. వెన్ను ఒలిచాడు. మొదటి పట్టీ ఖాళీ. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది కదిపాక కింద నల్లగా ఏదో కనబడింది. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. బూజు పట్టిన గోధుమరంగు జిగురు కింద, కుట్టుదారం ఒత్తుకున్న గాట్ల మధ్య, వేలిముద్ర ఒకటి. అదీ సగమే. రెండో సగం.

ఊళ్ళ హద్దులన్నీ నడిచిన మనిషి ఇరవై రెండేళ్ళుగా దారి తప్పిన గొడ్ల మధ్య కట్టేసి ఉన్నాడు. బైండరుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిటికీ టైము లేదు.

అప్పుడే తలుపు కిర్రుమంది. కీపరమ్మ టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ రెండింటికి ముందు రాని మనిషి.

"ఏం చేస్తున్నారు మేస్త్రీగారూ?"

"వెన్ను ఊడిందమ్మా. అంటిస్తున్నా."

ఆవిడ బల్ల వైపు చూసింది. అతని చెయ్యి పట్టీ మీద బోర్లా ఉంది. అరచేతి కింద తడి జిగురు చల్లగా తగులుతోంది.

"ఇవాళ్టి దాకా బాగానే ఉందే అది."

"పాతది కదమ్మా. చెప్పి ఊడుతుందా?"

ఆవిడ ఒక క్షణం ఎక్కువగానే నిలబడింది. అప్పుడు చెప్పేసి ఉండవచ్చు. చెయ్యి ఎత్తి, ఇదిగో అమ్మా, ఉన్నది ఉన్నట్టు చూడండి అని ఉండవచ్చు. గోరువెచ్చ ముఖం గుర్తొచ్చి చెయ్యి ఎత్తలేదు. ఆవిడ వెళ్ళిపోయింది.

పట్టీ ఊడి చేతికి వచ్చింది. రెండు వైపులా జిగురు పెచ్చులు, దుమ్ము, దారపు గాట్లు. ఇలాంటి దాన్ని అధికారి చేతిలో ఎలా పెడతారు? ముక్కు తుడిచిన గుడ్డలా ఉంది. బైండరు చేతులు ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిని అతన్ని అడక్కుండానే మొదలుపెట్టాయి. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పట్టీని పడుకోబెట్టాడు. జిగురు మెత్తబడి తేలింది. మెత్తని కుంచెతో అటూ ఇటూ తుడిచాడు. సిరా కొంచెం పలచబడింది గానీ నిలిచింది. తీసి, తెల్ల కాగితాల మధ్య పరిచి, రెండు అట్టల నడుమ పెట్టి మర బిగించాడు. సాయంత్రానికి తీసి చూస్తే ఇస్త్రీ చేసినట్టుంది. గాట్లు కూడా పోయాయి.

చదివాడు. కలిపిరాత, పలచగా, ఏడు వరుసలు. పుటలో మిగిలిన ముక్కల్ని మనసులో దానికి చేర్చుకున్నాడు. పని మీద దూరాన ఉండి ఆలస్యంగా వచ్చి చెప్పడమైనది, ఈ బిడ్డ నా బిడ్డే, నా పెద్దకొడుకుతో సమానం. ఆ చివరి మాట దగ్గర అతని కళ్ళు మసకబారాయి. పట్టీని కొత్త కవరులో పెట్టి చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"కీపరమ్మకు చెప్పారా?" అంది భార్య.

"రేపు అందరికీ ఒకేసారి చెబుతా. వాడి ముఖం చూడాలి నేను."

"వాడి ముఖానికి ఎప్పుడైనా ఏమైనా అయిందా మీరు చూడ్డానికి?"

శుక్రవారం విచారణ గదిలో ఒక పొడుగాటి బల్ల, దాని మీద అద్దం పలక. విచారణ అధికారి సన్నటి మనిషి, జలుబు చేసి ఉన్నాడు. ఒక పక్క గోరువెచ్చ, ఇంకో పక్క బైండరు, మధ్యలో పుట్టుక పుస్తకంతో కీపరమ్మ. పుటలో ఖాళీ గడి, తెగిన అంచు చూసి అధికారి తల ఆడించాడు.

"ఇది చాలదండీ. ఇంకేమైనా ఉందా?"

బైండరు ఈ క్షణం కోసమే మూడు రోజులు బతికాడు. కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో చెప్పాడు. చెబుతూ ఓరగా గోరువెచ్చ వైపు చూశాడు. ఆ ముఖం అలాగే ఉంది. ఉప్పు మరిచిన కూర తిన్నవాడిలా.

కీపరమ్మ ముఖం మాత్రం మారింది.

అధికారి పట్టీని పట్టుకారుతో ఎత్తి వెలుతురుకు పెట్టాడు. "ఇది ఇరవై రెండేళ్ళు వెన్నులో జిగురులో ఉందంటారు."

"అవునండీ."

"జిగురేదీ?"

"శుభ్రం చేశానండీ."

"ఎందుకు?"

బైండరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మురికిగా ఉంటే మీ చేతికి ఎలా ఇస్తామండీ?"

అధికారి రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "మీరు తీస్తుంటే ఎవరైనా చూశారా?"

బైండరు కవరును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. అధికారి కీపరమ్మ వైపు తిరిగాడు.

"నిన్న మధ్యాహ్నం వెళ్ళాను సార్," అంది ఆవిడ నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు. "రిజిస్టరు వెన్ను ఒలిచి ఉంది. అడిగాను. ఊడితే అంటిస్తున్నానన్నారు. పట్టీ సంగతి నాతో అనలేదు. నేను చూడలేదు."

"అమ్మా, మీకు చెబితే..." అన్నాడు బైండరు.

"చెబితే అప్పటికప్పుడు పంచనామా రాసి, ఉన్నదున్నట్టు ఫోటో తీయించేదాన్ని మేస్త్రీగారూ. గంట పని. నా అధికారంలో ఉన్నదే."

గోరువెచ్చ గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క మాట. మా తమ్ముణ్ణి నేను తప్పు పట్టను. వాడి చేతిపని మీకు తెలియదు. పాత కాగితం, పాత సిరా, అన్నీ వాడి దగ్గర ఉంటాయి. తల్చుకుంటే నిన్న రాసినదాన్ని నూరేళ్ళ కిందటిదిలా చేసి పెట్టగలడు. పొగడ్త కాదు సార్, వాడంత పనివాడు చుట్టుపక్కల లేడు."

బైండరు జీవితంలో అన్న నోటి వెంట తన పని గురించి మంచి మాట వినడం అదే మొదటిసారి.

"దొంగ రాతయితే పుటకు అతుకుతుందా?" అన్నాడు, లేచి నిలబడి. "అతికించి చూడండి సార్. తెగిన అక్షరాలు కలుస్తాయి. వేలు కలుస్తుంది. అప్పుడు మాట్లాడమనండి."

"అది సబబే," అన్నాడు అధికారి.

పుటను అద్దం పలక మీద పరిచారు. పక్కన పట్టీ. అధికారి పట్టీని మెల్లగా జరిపి, మొదటి వరుస కలిపాడు. అక్షరం అక్షరాన్ని పట్టుకుంది. రెండో వరుస కలిసింది. మూడో వరుస దగ్గర గీత కొంచెం కిందికి దిగినట్టుంది. నాలుగోది ఇంకొంచెం. ఏడో వరుసకు వచ్చేసరికి పుటలోని అక్షరానికీ పట్టీలోని అక్షరానికీ మధ్య వరిగింజ మందం తేడా వచ్చింది. అధికారి అడుగునుంచి వేలిముద్ర కలిపి చూశాడు. అప్పుడు వేలిముద్ర కలిసింది, పై వరుసలు విడిపోయాయి. మధ్యనుంచి పెట్టి చూశాడు. రెండు కొసలూ తప్పాయి.

అది చూస్తూ ఉండగానే బైండరుకు సంగతి తట్టింది. కాగితం తడిస్తే పెరుగుతుంది. పెరిగినదాన్ని బిగించి ఆరబెడితే పెరిగినట్టే ఉండిపోతుంది. ఈ పని నేర్చిన మొదటి వారంలోనే తెలిసిన ముక్క అది. వేలసార్లు తడిపాడు, వేలసార్లు ఆ పెరుగుదలకు సరిపడా అట్ట కోశాడు. నిన్న గుర్తు రాలేదు.

"తడిసింది సార్. తడిస్తే సాగుతుంది. ఏ బైండరునైనా అడగండి."

"అడగనక్కర్లేదు, నమ్ముతున్నాను," అన్నాడు అధికారి. ఆ గొంతులో ఎగతాళి లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "చూడండి, మీరు చెప్పేది నిజమేనని నాకు లోపల అనిపిస్తోంది. ఇక్కడ నా నమ్మకం రాయడానికి గడి లేదు. జిగురుతో తెచ్చి ఉంటే సరిపోయేది. తడపకుండా తెచ్చినా సరిపోయేది. ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకుని తీసినా సరిపోయేది. మూడూ లేవు."

"ఇంకొన్నాళ్ళు గడువు ఇవ్వండి సార్."

"దేనికి? మళ్ళీ తడపడానికా?" అన్నాక ఆయనే నొచ్చుకున్నట్టు ముఖం తిప్పుకున్నాడు. "నెలాఖరుకు నేల పంచెయ్యాలి. నీళ్ళు ఆగవండీ."

గోరువెచ్చ వరండాలో తమ్ముడి కోసం నిలబడ్డాడు. గెలిచినట్టు లేడు. ఏమీ జరగనట్టు ఉన్నాడు.

"మనసులో పెట్టుకోకు. ఏదో పండినప్పుడు నీకూ ఇంత పంపిస్తాలే."

"నా తాత నీ తాతకు తమ్ముడని నీకు తెలుసా తెలియదా? అది చెప్పు ముందు. ఇక్కడ ఎవరూ లేరు."

గోరువెచ్చ కళ్ళజోడు తీసి చొక్కా కొసకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "మా నాన్న చెప్పేవాడు," అన్నాడు చివరికి. "తెలిసినవన్నీ రాసిస్తే ఎలారా? కాగితం ఏదంటే అదే."

"నువ్వు మనిషివేనా అన్నయ్యా?"

"అలాగే చూద్దాంలే," అని అతను మెట్లు దిగాడు.

వారం తరువాత ఉత్తర్వు ప్రతి కీపరమ్మ చేతి మీదుగా వచ్చింది. దానితో పాటు అనుమతి లేకుండా మూడు రిజిస్టర్ల వెన్నులు ఒలిచినందుకు సంజాయిషీ అడిగే కాగితం కూడా ఉంది. సంజాయిషీ తరువాత రాద్దురు గానీ, ఇది అందినట్టు సంతకం పెట్టండి అంది ఆవిడ. అతను బల్ల మీద కాగితం పరిచి, వేలు కింద పెట్టుకుంటూ చదివాడు. గొలుసు పట్టిన వ్యక్తికి దొరల కాలంలో ఇచ్చిన మొత్తం నేల ఎనిమిది ఎకరాల పన్నెండు వందల అరవై గజాలు. రుజువైన వారసుడు ఒక్కరే కాబట్టి బదులు నేల మొత్తం ఆ ఒక్కరికే చెందుతుంది. రెండో అర్జీదారు సాగులో ఉన్నట్టు చెప్పుకున్న సగభాగానికి హక్కు రుజువు కాలేదు. ఆ సగం ఎంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు: నాలుగు ఎకరాల ఆరు వందల ముప్పై గజాలు.